రూటు కింద అర్ధ లీటరు పాలు

పదో తరగతిలో నేను లెక్కల పేపరు ఒకసారి తప్పాను. రెండోసారి పాసయ్యానంటే అందులో నా గొప్పేమీ లేదు, ఆ ఏడాది పేపరు తేలిగ్గా వచ్చింది. అలాంటిదాన్ని, మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ పరీక్షల విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కల పేపర్లు, ఫిజిక్స్ పేపర్లు టైపు చేశాను. ఇంటిగ్రేషన్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దాని గుర్తు మాత్రం కళ్ళు మూసుకుని పెట్టగలను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, గ్రీకు అక్షరాలు ఎట్ల గుర్తుపెట్టుకున్నరు?" అని అడుగుతుంటారు. పేర్లతో ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. థీటా నాకు నడుముకు దారం కట్టిన కోడిగుడ్డు. లాంబ్డా కాళ్ళు బారజాపి నిలబడ్డ మనిషి. సై త్రిశూలం. మా జిరాక్స్ గదిలో పనిచేసే అన్నకూ నాకూ మధ్య ఇదే భాష నడిచేది. "చెల్లె, రెండో పేజీల కోడిగుడ్డు సరిగ పడలే" అని కేకేసేవాడు. నేను తిరిగి ప్రింటు తీసి ఇచ్చేదాన్ని.

పిల్లలు అడగనిది ఒకటుంది. తెలిసి తెలిసి నేను తప్పు కొట్టిన ప్రశ్న సంగతి. ఉద్యోగంలో ఉండగా దాన్ని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను.

మాది చేవెళ్ళ పక్కన ఊరు. చేవెళ్ళలోనే టైపు నేర్చుకున్నాను. ఆ మిషన్లకు గ్రీకు అక్షరాలు ఉండేవి కావు, ఖాళీ వదిలి పెన్నుతో దిద్దేవాళ్ళం. కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి ఏడాది దాని తెలివి చూసి భయపడ్డాను. బ్రాకెట్లో సి కొడితే అది దానంతటదే గుండ్రటి కాపీరైట్ గుర్తయిపోయేది. నేను చూసుకోలేదు. ఆ ఏడాది మా పిల్లలు ఏ, బి, కాపీరైట్, డి లలో సరైన జవాబు ఎంచుకున్నారు. పది మీద పైన కూర్చోవాల్సిన ఎనిమిది, ఫైలు ఇంకో కంప్యూటర్లోకి వెళ్ళగానే కిందికి దిగి పక్కన నిలబడేది. దాంతో కాంతి వేగం ఒక్కసారిగా పడిపోయి మా జిరాక్స్ అన్న వేసే కేక కూడా దాన్ని దాటేసే పరిస్థితి వచ్చింది. ఇలాంటివన్నీ ఒకటొకటిగా పట్టుకుని, మూడు నాలుగేళ్ళలో దారికి తెచ్చుకున్నాను.

దారికి రానిది ఒక్క ఫిజిక్స్ హెడ్ గారి చేతిరాత. ఆయన కోస్తా వైపు మనిషి. ఎప్పుడో తొంభైల్లో వచ్చి మెహదీపట్నం అవతల ఇల్లు కట్టుకున్నారు. పాఠం బాగా చెబుతారని పిల్లలకు ఆయనంటే ఇష్టం. రాత మాత్రం బస్సులో నిలబడి రాసినట్టుండేది. సగం నిజంగా బస్సులోనే రాసేవారు. వేగానికి వాడే 'వి' అక్షరం, 'న్యూ' అనే గ్రీకు అక్షరం ఆయన కాగితంలో కవల పిల్లలు.

తొలి రోజుల్లో ఒకసారి, ఆయన పేపర్లో అక్కడక్కడా ఉన్నది వి కాదు, న్యూ అని నాకు తెలిసింది. తెలిసిందన్న సంబరంలో పేపరు మొత్తంలో ఉన్న వి లన్నిటినీ ఒకే మీట నొక్కి న్యూలుగా మార్చేశాను. మాటల మధ్యలో ఉన్న వి లు కూడా మారిపోయాయి. అప్పట్లో ఆయన ప్రతి పేపరూ వరుస వరుసా చదివేవారు. వెంటనే పట్టుకున్నారు.

"ఏంటండీ ఇది, ప్రతి అక్షరానికీ తోక మొలిచింది" అన్నారు. "మీరు తెలివి వాడొద్దు మేడం. అర్థం చేసుకోనక్కర్లేదు. చూసింది చూసినట్టు కొట్టండి."

అది నా మంచికే అన్నారనుకున్నాను. అప్పటినుంచి అలాగే కొట్టాను. ఏళ్ళ తరబడి ఆయన పేపర్లో తప్పు దొర్లలేదు. దొర్లకపోవడంతో ఆయన చదవడం మానేశారు. చివరి పేజీ తిప్పి, తన పేరు కింద సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. మనం పని బాగా చేస్తే అవతలివాళ్ళు సోమరులవుతారని నాకు అప్పుడు తోచలేదు.

గొడవ మొదలైంది ఒక మొదటి మిడ్ పరీక్షప్పుడు. ఆయన రాసిచ్చిన ఫార్ములాలో ఒక వి మీద చిన్న రెండు లేదు. ఆ ఫార్ములా అంతకుముందు ఎన్నోసార్లు కొట్టాను కాబట్టి నా వేళ్ళకు తెలుసు. అర్థం తెలియకపోయినా వేళ్ళు ఆగిపోయాయి. ఆయన కొత్తగా చేరిన ఇద్దరు లెక్చరర్లతో వచ్చినప్పుడు చెప్పాను.

"సార్, ఇక్కడ మీద రెండు ఉండాలె గద."

ఆయన ఆ ఇద్దరి వైపు చూసి నవ్వారు. "అలాగైతే క్లాసు కూడా మీరే తీసుకోండి మేడం. నేనిక్కడ కూర్చుని టైపు కొడతాను."

ఆ ఇద్దరూ నవ్వారు. ఆయన కాగితం తీసుకుని చూశారు. పెన్ను తీసి, చిన్న రెండు పెట్టి, ఏమీ అనకుండా ఇచ్చేశారు. తప్పు దిద్దుకున్నందుకు నాకు బాధ లేదు. దిద్దుకున్నాక కూడా ఆ ఇద్దరి ముందు ఒక్క మాట అనలేదు చూడండి, అది గుచ్చుకుంది. ఇంటికి పోతూ బస్సులో చేవెళ్ళ దాకా అదే తలుచుకున్నాను. దిగేటప్పటికి, చూసింది చూసినట్టు కొడితే ఎట్లుంటదో సారుకు ఒకసారి చూపెట్టాలని నిశ్చయమైపోయింది.

అవకాశం రెండో మిడ్ పరీక్షకు వచ్చింది. ఆయన నా బల్ల ముందు కూర్చుని మూడో ప్రశ్న చివరి వరుస రాస్తుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, "ఆ, చెప్పు, రాసుకుంటున్నా" అంటూ అదే కాగితం అంచున, అదే సిరాతో ఏదో రాసుకున్నారు. ఫోన్ పెట్టేసి కాగితం నాకిచ్చి టీకి వెళ్ళారు.

నేను చూశాను. ఒక కణం వేగంగా పోతుంటే దాని అల పొడవు ఎంతో రుజువు చేయమని ప్రశ్న. పైన హెచ్, కింద వర్గమూలం గుర్తు. మేమంతా రూటు అంటాం. ఆ రూటు కింద 2mK. అంతవరకే ప్రశ్న. కానీ ఆయన చెయ్యి విసురుకు రూటు పైగీత కాగితం అంచుదాకా సాగింది. ఆ గీత కిందికి సరిగ్గా, ఫోన్లో రాసుకున్నది వచ్చి చేరింది. + ½ LP. దాని కిందే కొత్తిమీర అని తెలుగులో ఉంది.

అర్ధ లీటరు పాలు. ఆ మాట ఆయన ఫోన్లో అంటుండగా నా చెవులతో విన్నాను కూడా.

మీలో ఈక్వేషన్లు కొట్టేవాళ్ళకు తెలుసు, కంప్యూటర్లో రూటు గుర్తుకు హద్దు లేదు. కింద ఎంత కొడితే పైగీత అంత సాగుతుంది. నేను 2mK కొట్టాను. కాసేపు ఆగాను. తర్వాత ప్లస్, సగం, ఎల్, పి కొట్టాను. గీత సాగి పాలను కూడా కప్పుకుంది. చూడ్డానికి ఎంత అందంగా కుదిరిందంటే, పుస్తకంలో అచ్చయిన ఫార్ములా కూడా అంత నిండుగా ఉండదు. కొత్తిమీర రూటు కిందికి రాలేదు కాబట్టి వదిలేశాను. నాకూ ఒక పద్ధతుంది.

నా పథకం అంతటితో సరి. ఆయన వచ్చి చదువుతారు, ఉలిక్కిపడతారు, "ఇదేంటండీ" అంటారు, "చూసింది చూసినట్టు కొట్టిన సార్" అని నేను నెమ్మదిగా అంటాను. ఆ వాక్యం లోపల రెండుసార్లు అనుకుని చూసుకున్నాను.

ఆయన వచ్చారు. చివరి పేజీ తిప్పారు. సంతకం పెట్టారు. "కాలేజీ బస్సు కదులుతోందండీ" అని సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచారు.

సంతకం పడ్డాక అందులో చుక్క మార్చినా నేరం, అది మా విభాగం నియమం. మార్చగలిగింది ఆయనొక్కరే. ఆయన వరండాలో పోతున్నారు, నేను కుర్చీలోంచి చూస్తున్నాను. "సార్, జర ఆగుండ్రి" అంటే వినపడేంత దూరంలోనే ఉన్నారు. నా నోట్లోంచి మాట రాలేదు. నిజం చెప్పాలంటే రానివ్వలేదు. ఆయన మలుపు తిరిగారు.

కాగితం జిరాక్స్ గదికి వెళ్ళింది. అన్న ఏడో తరగతి చదివినవాడు. మొదటి కాపీ బయటికి రాగానే వెలుతురుకు పెట్టి చూసి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"గిదేంది చెల్లె, మూడో దాంట్ల అర్ధ లీటర్ పాలున్నట్టున్నది."

"సార్ దస్కత్ పెట్టిండన్న" అన్నాను.

"దస్కత్ పెట్టిండా. అయితే సరే. ఏదో ఉంటది" అని వెళ్ళి మిగతా కాపీలు తీశాడు.

ఆ పేపరును మొట్టమొదట సరిగ్గా చదివింది మా అన్నే. తర్వాత అది ఎంత చదువుకున్నవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిందో తలుచుకుంటే అన్న మీద నాకు గౌరవం పెరుగుతుంది.

రెండు రోజుల తర్వాత పొద్దున పది గంటలకు పరీక్ష. మొదలైన ఐదు నిమిషాలకే ఎవరో పరుగెత్తుకొస్తారని కాచుకుని కూర్చున్నాను. పావుగంటైంది, అరగంటైంది, ఎవరూ రాలేదు. ఉండబట్టక అడిషనల్ షీట్లు చేత పట్టుకుని హాళ్ళ వైపు వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే పిల్లలు తలలు వంచి రాస్తున్నారు. ఒకడు మూడో ప్రశ్నకు అప్పుడే రెండో పేజీ తిప్పుతున్నాడు. పాలను రుజువు చేస్తున్నారు. నాకు నవ్వాగలేదు, షీట్లు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

చివరి హాల్లో ఒక అమ్మాయి లేచి నిలబడింది. నేనెక్కే బస్సే ఎక్కుతుంది, చేవెళ్ళ దాటి ఎక్కడో దిగుతుంది. పేరు తెలియదు, మొహం తెలుసు.

"సార్, మూడో ప్రశ్నల ఒక టర్మ్ తేడాగున్నది" అంది.

అక్కడ డ్యూటీలో ఉన్నది సివిల్ లెక్చరర్. ఆయన హాలంతా ఒకసారి చూశాడు. "అందరు రాస్తున్నరు గదమ్మా. నీకొక్కదానికే తేడాగున్నదా?"

ఆ అమ్మాయి అందరి వైపూ చూసి కూర్చుంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. షీట్లు ఇచ్చి వచ్చేశాను. ఈసారి నవ్వు రాలేదు.

పరీక్ష అయ్యాక మంచినీళ్ళ ఫిల్టర్ దగ్గరికి వెళితే ఆ అమ్మాయి గోడవైపు తిరిగి నిలబడి ఉంది. సీసా నిండి నీళ్ళు కింద పోతున్నాయి. నేనే ట్యాప్ కట్టేశాను.

"ఏమైందమ్మ?"

"ఏం లేదు మేడం."

"పేపర్ కష్టమొచ్చిందా?"

చున్నీతో మొహం తుడుచుకుంది. "మూడోది అందరికి వచ్చిందట. ఈజీ అంటున్నరు. నాకొక్కదానికే రాలే. ఫిజిక్స్‌ల ఫికర్ లేదని మా బాపుకు చెప్పొచ్చిన."

"ఏమన్న రాసినవా మరి?"

"ఆ టర్మ్ ఉండొద్దని రాసిన. మళ్ళ కొట్టేసిన మేడం. అందరికొచ్చి నాకొక్కదానికి రాలేదంటే, నాదే తప్పు గద."

సీసా సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. సారును కొడదామని నేను విసిరిన రాయి, సారుకు తగలనే లేదు. పైగా తగిలిన పిల్ల, తప్పు తనదే అనుకుని పోతోంది. ఇంతకుముందు కూడా ఉద్యోగంలో తప్పులు చేశాను, తిట్లు తిన్నాను, మర్చిపోయాను. ఇది మర్చిపోయే తప్పు కాదు.

మా గదిలోంచి ప్రశ్నపత్రం, హెడ్ గారి చేతిరాత కాగితం తీసుకుని ఆయన గదికి వెళ్ళాను. ఆయన ఆన్సర్ షీట్ల కట్ట ముందు పెట్టుకుని ఇంకా విప్పలేదు.

"సార్, మూడో ప్రశ్నల తప్పున్నది."

"ఏం తప్పండీ?"

"రూటు కింద అర్ధ లీటరు పాలు పడ్డయి."

ఆయన నాకు జ్వరం వచ్చిందేమో అన్నట్టు చూశారు. నేను తెచ్చిన కాగితాలు రెండూ పక్కపక్కన పరిచాను. ఆయన వేలు రూటు గీత వెంట జరుగుతూ జరుగుతూ వచ్చి, ఎల్ దగ్గర ఆగింది. కిందనున్న కొత్తిమీర కూడా చదివారు.

"ఇది మా ఆవిడ ఫోన్లో చెబితే రాసుకున్నానండీ."

"తెల్సు సార్. నా ముందట్నే మాట్లాడిన్రు."

"తెలిసే కొట్టారా?"

అక్కడ అబద్ధానికి చోటుంది. లెక్కలు రాని టైపిస్టును, ఎల్ ఏమిటో పి ఏమిటో నాకేం తెలుసు అంటే లోకమంతా నమ్ముతుంది.

"తెలిసే కొట్టిన" అన్నాను.

"ఎందుకండీ?"

"చూసింది చూసినట్టు కొట్టమన్నరు గద సార్."

రెండు రోజులుగా ఊరించుకున్న వాక్యం అది. తీరా అన్నాక ఉప్పు లేని పప్పులా ఉంది. ఆయన కోపగించుకుంటే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు, అంతే. నేను ఫిల్టర్ దగ్గర పిల్ల సంగతి చెప్పాను. ఆయన కట్ట విప్పారు.

ఇద్దరం నిలబడే చూశాం. మొదటివాడు ఎల్ అంటే పొడవు, పి అంటే ఒత్తిడి అని మొదలుపెట్టి పేజీన్నరలో నిరూపించేశాడు. రెండోవాడు అంతా సరిగ్గా చేసుకొచ్చి, చివరి వరుసకు ముందు 'కణం కదులుతున్నది కాబట్టి ½ LP కలుపుతున్నాము' అని రాసి కలిపేశాడు. మూడోవాడు, వాడి దారే వేరు, ఖాళీ ప్రదేశంలో ½ LP సున్నా అవుతుంది కాబట్టి నిరూపించబడింది అన్నాడు.

"వీడు పాలు విరగ్గొట్టేశాడండీ" అన్నారు హెడ్ గారు. అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన మొహం వాడిపోయింది. "నాలుగు నెలలు చెప్పానండీ వీళ్ళకి. ఆ పిల్ల తప్ప ప్రశ్న తప్పు అని ఒక్కరూ అనలేదు. నా సంతకం చూసి నమ్మారు."

"మా అన్న గూడ గదే అన్నడు సార్" అన్నాను.

ఆ అమ్మాయి షీటు అడుగున దొరికింది. 2mK కొలతలు వేరు, ½ LP కొలతలు వేరు, ఈ రెండిటినీ కూడకూడదు, ఆ పదం తీసేస్తే ఫార్ములా ఇలా వస్తుంది అని పొందిగ్గా పది వరుసలు రాసింది. వాటన్నిటి మీదా మూల నుంచి మూలకు పెద్ద కొట్టివేత. పెన్ను అదిమిన చోట కాగితం చిరిగింది. కొట్టేసిన జవాబు దిద్దకూడదని నియమం. హెడ్ గారు ఎర్ర పెన్ను తీసి, కొట్టివేత పక్కనే ఐదుకు ఐదు వేశారు.

ప్రిన్సిపాల్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. "పొరపాటు జరిగిందండీ" అని ఆయన మొదలుపెట్టారు. "పొరపాటు గాదు సార్, నేను కావాలనే కొట్టిన" అని నేనన్నాను. ప్రిన్సిపాల్ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. ప్రశ్నే తప్పయితే మూడోది రాసినవాళ్ళందరికీ మార్కులు వేయాల్సిందే అన్నారు. పాలు విరగ్గొట్టినవాడికి కూడా ఐదు మార్కులు వచ్చాయి. చదవకుండా సంతకం పెట్టినందుకు హెడ్ గారికి ఒక మెమో, బుద్ధిపూర్వకంగా తప్పు కొట్టినందుకు నాకొక మెమో.

చిక్కేమిటంటే కాలేజీలో మెమోలు టైపు చేసేది నేనే. ప్రిన్సిపాల్ చేత్తో రాసిచ్చిన చిత్తు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందులో నిర్లక్ష్యానికి రాసిన ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పుంది. లేచి వెళ్ళి అడిగాను.

"సార్, గిది సరిచెయ్యాల్నా, గిట్లనే కొట్టాల్నా?"

ఆయన చిత్తు వైపు, నా వైపు చూసి, "సరిచెయ్యమ్మా" అన్నారు.

హెడ్ గారు తర్వాతి క్లాసులో ఆ అమ్మాయి జవాబును బోర్డు మీద రాసి, కొట్టివేత కూడా గీసి చూపించారట. తప్పు తనదని కూడా చెప్పారట. నా పేరు చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను. వారం తర్వాత ఏదో సర్టిఫికెట్ కోసం ఆ అమ్మాయి మా గదికి వచ్చినప్పుడు, కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కాగితం, ఫోను, సాగిన గీత, వరండాలో నేను పిలవని పిలుపు, అన్నీ. కోపగించుకుంటే పడదామని సిద్ధంగా ఉన్నాను.

"పాల కోసమా మేడం నేను ఏడ్చింది?" అంది.

"పాల కోసమే. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డ."

సర్టిఫికెట్ తీసుకుని రిజిస్టర్లో సంతకం పెట్టింది. మాఫ్ చేసిందో లేదో నాకు తెలియదు. అడిగింది మాత్రం ఒకటే. "మరి ఆ దినం సార్ పాలు తీసుకపోయిండా?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. పాలు రాసుకున్న ఆ కాగితం నా దగ్గరే ఉండిపోయింది కదా. సాయంత్రం హెడ్ గారు సంతకానికి వస్తే అడిగాను.

"లేదండీ" అన్నారాయన. "మర్నాడు పొద్దున్న ఇద్దరం నల్ల కాఫీ తాగాం. ఇప్పుడు మా ఆవిడ ఫోన్లో ఏం చెప్పినా, రాసుకున్నది ఒకసారి చదివి వినిపించమంటోంది."